దొంగ యాంటీవైరస్ తినని ఫైళ్ళు

కంప్యూటర్ సర్వీసు పనిలోకి కొత్తగా వచ్చేవాళ్ళు నన్ను పట్టుకుంటే అడిగేది ఒక్కటే. "బాషాన్నా, ఏ సాఫ్ట్‌వేర్ వాడల్ల?" నాకు చిర్రెత్తుకొస్తుంది. సాఫ్ట్‌వేర్ ఈ ఏడు ఒకటుంటుంది, వచ్చే ఏడు ఇంకొకటి వస్తుంది. నేను రాత్రీపగలూ కూర్చుని నేర్చుకున్నవాటిలో సగం ఇప్పుడు ఎందుకూ పనికిరావు. మనుషులు మాత్రం మారలేదు. తెర మీద ఎర్రగా ఏదో వచ్చి ప్రమాదం అంటే ఇంట్లోవాళ్ళు హడలిపోతారు. ఆ హడలులో వాళ్ళు ఏదో ఒకటి చేసే ఉంటారు. ఏం చేశారో అడగండి, అడిగి నోరు మూసుకుని వినండి. ఈ ఒక్క ముక్క తెలుసుకోవడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది. మీకు అన్నేళ్ళు పట్టకూడదని ఇది రాస్తున్నాను.

మొదట్లో నేను రేడియోలు బాగుచేసేవాణ్ణి, ఆ తర్వాత టీవీలు. రెండువేల సంవత్సరం దాటాక కర్నూలులో ఒక కంప్యూటర్ షాపులో చేరాను. కర్నూలు, కడప జిల్లాల్లో సంచి భుజాన వేసుకుని నేను ఎక్కని బస్సు లేదు. పదవీ విరమణ అనే పెద్ద మాట మా పనికి చెల్లదు. హార్డ్ డిస్కు వెనకాల బియ్యపు గింజంత పిన్ను కంటికి ఆనక నాకు నేనే మానేశాను. ఇప్పుడు కడపలో ఉంటున్నాను. నా భార్య మాటల్లో చెప్పాలంటే ఊరికే కూర్చుని ఫ్యాను అరగదీస్తున్నాను.

ఎర్ర డాలు

యాంటీవైరస్ అంటే కంప్యూటరుకు కాపలా కాసే సాఫ్ట్‌వేర్. ఆ కాపలావాడి చొక్కా తొడుక్కుని వచ్చే దొంగే దొంగ యాంటీవైరస్. రెండువేల ఏడు, ఎనిమిది, తొమ్మిది ఆ ప్రాంతంలో ఇది ఇళ్ళ మీద పడింది. ఇంటర్నెట్‌లో ఏదో వెతుకుతుంటే ఒక కిటికీ తెరుచుకుంటుంది. "మీ కంప్యూటరుకు జబ్బు చేసింది, పరీక్ష చేయమంటారా?" అని ఇంగ్లీషులో అడుగుతుంది. అవునన్నా దిగుతుంది, వద్దన్నా దిగుతుంది. ఆ పైన గడియారం పక్కన ఎర్ర డాలు బొమ్మ ఒకటి వచ్చి కూర్చుంటుంది. నిమిషానికోసారి ఒక బుడగ లేచి వైరస్, వైరస్ అని అరుస్తుంది. తీసేయాలంటే కార్డు నంబరు కొట్టి దుడ్లు కట్టమంటుంది.

నాకు మొదట్లో అనుమానం రాలేదు. నిజం చెప్పాలంటే దాన్ని చూసి ఒకటి రెండు ఇళ్ళలో నేనూ కంగారుపడ్డాను. కర్నూలులో ఒక వకీలుగారింట్లో అది ముప్పై ఎనిమిది వైరస్‌లు చూపించింది. మరుసటి వారం ఓర్వకల్లు దగ్గర ఒక డాక్టరుగారింట్లో కూడా ముప్పై ఎనిమిదే. ఇదేందబ్బా, వకీలుకూ డాక్టరుకూ లెక్కపెట్టినట్టు ఒకే జబ్బా అనుకున్నాను. షాపుకొచ్చి, అప్పుడే విండోస్ వేసిన కొత్త డిస్కులోకి కావాలనే దాన్ని దింపాను. అందులో ఇంకా ఒక్క ఫైలు కూడా పెట్టలేదు. అర నిమిషంలో ముప్పై ఎనిమిది అంది. ఆ రోజు పక్క దుకాణంవాళ్ళు వచ్చి చూసేంత గట్టిగా నవ్వాను.

గుర్తుపట్టడం అంత కష్టం కాదు. మీరు తెచ్చుకోనిది తనంతట తాను వచ్చిందంటే దొంగ. నిజమైనది గంటసేపు చేసే పరీక్షను అర నిమిషంలో ముగించిందంటే దొంగ. మూసేద్దామన్నా మూతపడదు, నడుస్తున్న ప్రోగ్రాముల పట్టీ తెరుద్దామంటే తెరవనివ్వదు. ఇక భయపెట్టి దుడ్లు అడిగిందంటే చర్చే అక్కర్లేదు. నిజమైన కాపలాదారు అరవడు. పని చేసుకుని ఊరుకుంటాడు.

ముందు సీడీ పెట్టు

మా షాపు యజమాని రంగయ్య శెట్టిగారు. మూడు తరాలు బట్టల వ్యాపారం చేసిన ఇంట్లో పుట్టి, అందరూ వద్దంటున్నా కంప్యూటర్ల షాపు పెట్టిన మనిషి. గిరాకీ మనసు ఆయనకు తెలిసినంతగా నాకు ఈనాటికీ తెలియదు. ఆయన నాకు మొదటి రోజు చెప్పిన మాట ఇది.

"బాషా, ఇంట్లోకి పోతూనే ముందు సీడీ పెట్టు. తర్వాత మాట్లాడు. చేతులు కదలకపోతే వీనికి పని రాదనుకుంటారు. బట్టల దుకాణంలో గూడా అంతే, ముందు నాలుగు చీరలు పరిచేయల్ల, ఆమీట బేరం."

ఇది మా షాపు పద్ధతి. సీడీ పెట్టడం, డిస్కు మొత్తం తుడిచేసి విండోస్ మళ్ళీ వేయడం. మా భాషలో దాన్ని ఫార్మాట్ కొట్టడం అంటాం. తలనొప్పికీ అదే మందు, కాలునొప్పికీ అదే మందు. రోజుకు నాలుగిళ్ళు తిరగాలంటే ఇంకో దారి లేదని నేనూ నమ్మాను. శెట్టిగారిని తప్పుపట్టడానికి చెప్పడం లేదు. ఆ రోజుల్లో రెండు జిల్లాల్లో అందరూ చేసింది అదే.

కడపలో ఒక రిటైరైన హెడ్మాస్టరుగారి కంప్యూటరుకు ఎర్ర డాలు పట్టింది. పోయాను, సీడీ పెట్టాను, కొట్టాను. ఆయన పెరట్లో పూజకు పూలు కోస్తున్నారు. లోపలికి వచ్చి కళ్ళద్దాలు పెట్టుకుని చూసి, "మా ఊరి సంగతులు రాసుకుంటాంటి నాయనా. రెండేండ్లుగా ఒక్క వేలితో కొట్టినా" అన్నారు. ఆయనే నా భుజం తట్టి "పోనీలే, మళ్ళా రాస్తా" అన్నారు. ఆరు నెలల తర్వాత ప్రింటరు పని మీద వాళ్ళింటికి పోయినప్పుడు రాస్తున్నారా సార్ అని అడిగాను. "లేదు నాయనా, మళ్ళా మనసు పోలే" అన్నారు. తిట్టి ఉంటే ఆ రోజుకు మరిచిపోయేవాణ్ణి. తిట్టలేదు కాబట్టే ఇప్పటికీ గుర్తుంది.

అప్పటినుంచి ఫార్మాట్ కొట్టేముందు ఫైళ్ళు పక్కన పెట్టడం నేర్చుకున్నాను. అక్కడితో మారిపోయాననుకున్నాను కూడా. ముందు సీడీ పెట్టే అలవాటు మాత్రం చేతుల్లో అలాగే ఉండిపోయింది.

అమావాస్య రోజు ఎమ్మిగనూరు

రెండువేల తొమ్మిదిలో ఎమ్మిగనూరు నుంచి షాపుకు ఫోను వచ్చింది. ఆడమనిషి గొంతు. "కంప్యూటరు నాలుగైదు దినాలుగా ఎర్రగా అరుస్తాండాదన్నా. తొందరగా రాండి" అంది. అంతకుమించి చెప్పలేదు.

నేను పోయిన రోజు అమావాస్య. నేతగాళ్ళ వీధిలో ఆ రోజు మగ్గాలకు సెలవు. మామూలు రోజుల్లో ఆ వీధిలో మాట వినపడదు, ఆ రోజు మాత్రం ఎవరింట్లో పోపు వేసినా వినపడుతోంది. ముందు గదిలో రెండు మగ్గాలు, వాటి పక్కన బల్ల మీద కంప్యూటరు. దానికి చేనేత తువ్వాలు కప్పి, మగ్గానికి పెట్టినట్టే కుంకుమ పెట్టారు. బల్ల పక్కనే కుర్చీలో పెద్దాయన కూర్చుని ఉన్నాడు. పేరు వీరభద్రప్ప. చీరల అంచులకు డిజైన్లు గీయడంలో ఆ చుట్టుపక్కల పేరున్న మనిషి. అప్పటికి రెండు కళ్ళకూ నీటికాసులు వచ్చి వెలుగూ నీడా తప్ప ఏమీ కనపడటం లేదు.

"ఏమప్పా, కర్నూలు నుంచి వచ్చినోనివి నువ్వేనా? కూచో. మగ్గానికి సెలవుండాది గాని నీకి లేదు పాపం" అని నవ్వాడు.

ఫోను చేసింది ఆయన కోడలు సుంకమ్మ. ఇంటి సంగతి పెద్దాయనే చెప్పాడు. ఆయన యాభై ఏళ్ళలో గళ్ళ కాగితం మీద గీసిన అంచుల్లో ముప్పై ఒకటి దాచుకున్నాడు. చూపు తగ్గుతోందని తెలిసినప్పుడు కోడలు కంప్యూటరు నేర్చుకుంది. ఆయన పక్కన కూర్చుని, గడికొక చుక్క చొప్పున మూడేళ్ళపాటు ఆ ముప్పై ఒకటీ కంప్యూటరులోకి ఎక్కించింది. మగ్గానికి ఎక్కించే చిల్లుల అట్టలు అరిగిపోయినప్పుడల్లా కొత్త అట్టలు ఈ ఫైళ్ళను చూసే కొడతారు. తర్వాత ఒక ఎండాకాలం పెట్టె తీస్తే కాగితాలూ పాత అట్టలూ చెదలు తినేసి మట్టి మిగిలింది.

"ఇప్పుడు ఉండేదంతా ఈ డబ్బాలోనే అప్పా. నా కండ్లు దీంట్లో పెట్టిన్యా అనుకో" అన్నాడు.

నేను అలాగే పెద్దాయనా అంటూ సీడీ పెట్టేశాను. చూడండి నా తెలివి! ఫార్మాట్ కొట్టనులే, మంచి యాంటీవైరస్ వేసి దొంగదాన్ని తరుముదాం అనుకున్నాను. సి డ్రైవులో చోటు లేదు, అందుకని సీడీ మొత్తం డి డ్రైవులోకి ఎక్కించడం మొదలుపెట్టాను. సుంకమ్మ గుమ్మం దగ్గర నిలబడి ఉంది.

"అన్నా, ఒక మాట..." అంది.

"ఉండమ్మా, పని మొదలుపెట్టినా గదా" అన్నాను.

కాసేపయ్యాక టీ తెచ్చింది. "అన్నా, కొంచెం ఆపి..." అని మళ్ళీ మొదలుపెట్టింది. నేను తెర మీదనుంచి తల తిప్పకుండానే, అక్కడ పెట్టమ్మా అన్నాను. చివరికి ఆమె "చేతులు కడుక్కుందురు రాండన్నా, తొట్టి చూపిస్తా" అంది. చేతులు కడుక్కోవడం ఎందుకో నాకు అర్థం కాలేదు, అయినా లేచాను. పెరట్లోకి పోయాక ఆమె మొహం చూశాను. ఏడ్చి ఏడ్చి ఉబ్బిపోయి ఉంది.

"అది ఎర్రగా చూపించిన పేర్లు మా డిజైన్లేనన్నా. ఇది చెడిపోయింది, ఇది చెడిపోయింది అని రాసింటాది. నేను ఒకొకటే తీసేస్తి."

"ఎన్ని తీసేస్తివమ్మా?"

"మొదటి దినం ఆరు చూపించె. ఆరూ తీసేస్తి. మిగిలినవన్నా బతుకుతాయనుకుంటి. మర్సదినం ఇంకో ఆరు చూపించె. అట్ల అయిదు దినాలు, ఆఖరి దినం ఏడు. నిన్నటికి ముప్పై ఒకటీ అయిపాయ. చెత్తబుట్ట బొమ్మ ఉంటాది గదన్నా, దాంట్లోంచి గూడా తీసేస్తి. మళ్ళా అంటుకుంటాదేమోనని."

నాకు తెలిసిన దొంగ యాంటీవైరస్‌లు నోటికొచ్చిన పేర్లు చూపించేవి. ఈ రకం ఇంట్లో ఉన్న ఫైళ్ళ పేర్లే ఏరి చూపిస్తోంది. అయినా ఇంతకుముందు చూసిన ఏ ఇంట్లోనూ జనం ఇలా చేయలేదు. భయపడి ఆపేసేవాళ్ళు, కాకపోతే దుడ్లు కట్టేవాళ్ళు. ఇలా కూర్చుని ఒక్కొక్కటే ఎందుకు తీసేశావమ్మా అని అడిగాను.

"మగ్గం మీద పడుగులో పోగు చెడితే అప్పుడే తీసి ముడేస్తాం గదన్నా. చూసి గూడా అట్లే నేసుకుంటా పోతే చీరంతా పాడైతాది. నేను మగ్గంలో కూచున్న మొదటి దినమే మామ చెప్పినాడు ఈ మాట. నాకి తెలిసింది అదే." చెంగుతో మొహం తుడుచుకుంది. "మామకి తెలీదన్నా. ఆయన కండ్లు నేనే పెరికేస్తి. ఆయనకు ఏం మొహం పెట్టుకొని చెప్పల్ల?"

అప్పుడు నాకు సీడీ గుర్తొచ్చింది. పరుగున లోపలికి పోయి కరెంటు తీగ లాగేశాను. తెర నల్లబడింది.

ఎందుకు లాగానో మీకు తెలియాలి. ఫైలును చెరిపేస్తే కంప్యూటరు దాని పేరు మాత్రమే కొట్టేస్తుంది. లోపలి సరుకు డిస్కు మీద అలాగే ఉంటుంది. ఆ చోటులో ఇంకొకటి రాసేదాకా ఉంటుంది. రాస్తే పోతుంది. డిజైన్లు ఉన్నది డి డ్రైవులో. ఆమె చెరిపింది పేర్లనే. పావుగంటసేపు వాటి మీద సీడీ రాసింది నేను. రెండుసార్లు ఆపమని అడిగిన మనిషిని ఉండమ్మా అన్నది కూడా నేనే.

డిస్కు విప్పి సంచిలో పెట్టుకుంటుంటే పెద్దాయన "ఏందప్పా, మగ్గమే విప్పి ఎత్తుకపోతాండావే?" అన్నాడు.

"షాపులో పెట్టి చూడాల పెద్దాయనా. రెండు దినాల్లో తెస్తా" అన్నాను. అంతకన్నా చెప్పే ధైర్యం లేకపోయింది. సుంకమ్మ ఆ డిస్కుకు కొత్త తువ్వాలు చుట్టి ఇచ్చింది. బస్సులో దాన్ని ఒళ్ళోనుంచి కిందకు దించలేదు.

ఇరవై ఏడు

షాపులో ఆ డిస్కును ఇంకో కంప్యూటరుకు రెండో డిస్కుగా తగిలించాను. చెరిపిన ఫైళ్ళు వెతికే సాఫ్ట్‌వేరును దాని మీదకు ఉసిగొల్పాను. దొరికినవి అదే డిస్కులో దాచకూడదు, వేరే డిస్కు కావాలి. శెట్టిగారు ఏమీ అడగకుండా అమ్మకానికి తెచ్చిన కొత్త డిస్కు సీలు విప్పి ఇచ్చారు. ఆయన అంత సులువుగా సీలు విప్పడం నేను అంతకుముందు చూడలేదు.

దొరికిన ఫైళ్ళకు పేరులో మొదటి అక్షరం ఉండదు. ఒక్కోటి తెరిచి చూడాల్సిందే. తెరుస్తుంటే తెర మీద చుక్కచుక్కగా కోటకొమ్ములు, నెమళ్ళు, మామిడి పిందెలు లేచి వస్తున్నాయి. పట్టలేని సంతోషం, మళ్ళీ వెంటనే భయం, తర్వాతది వస్తుందో రాదో అని. రెండో రోజు మధ్యాహ్నానికి ఇరవై ఏడు వచ్చాయి. మిగిలిన నాలుగు తెరుచుకోలేదు. వాటి చోటులో నా సీడీ కూర్చుని ఉంది.

మీకు దాచడమెందుకు, ఆ మధ్యాహ్నం నాకు ఒక పాడు ఆలోచన వచ్చింది. చెరిపింది ఆమే కదా. ఇరవై ఏడు తెచ్చినందుకే ఆ ఇంట్లో నన్ను దేవుడిలా చూస్తారు. నాలుగు పోయాయంటే ఆమె వల్లే అనుకుంటారు, ఆమె కూడా అలాగే అనుకుంటుంది. లోపల ఏం జరిగిందో తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. మన పనిలో ఇదే పెద్ద ప్రమాదం, గుర్తుపెట్టుకోండి. మన తప్పు మనకు తప్ప ఇంకెవరికీ కనపడదు.

శెట్టిగారికి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఆయన చాలాసేపు కౌంటరు బల్లను గుడ్డతో తుడుస్తూ కూర్చున్నారు.

"నువ్వే పోయి చెప్పు బాషా. ముందు సీడీ పెట్టమని నేర్పించింది నేనేనని అది గూడా చెప్పు. పాపం ఆ యమ్మ మీదకి పోనీయొద్దు" అన్నారు.

ఆ రోజు నుంచి మా షాపులో పద్ధతి మారింది. ఇంటికి పోయినవాళ్ళు ముందు కూర్చోవాలి, ఇచ్చిన నీళ్ళు తాగాలి, నేను వచ్చేలోపల మీరేం చేశారని అడగాలి. ఆ తర్వాతే సంచి విప్పాలి. గిరాకీ ఏమీ తగ్గలేదు.

లెక్క తప్పని మనిషి

మళ్ళీ ఎమ్మిగనూరు పోయేసరికి మగ్గాలు ఆడుతున్నాయి. నన్ను చూడగానే సుంకమ్మ మగ్గంలోంచి లేచి వచ్చింది. ముందు, ఆమె దగ్గర వేరుగా ఉండాలని ఇరవై ఏడు ఫైళ్ళూ రాసి తెచ్చిన సీడీ చేతికిచ్చాను. తర్వాత డిస్కు బిగించి దొంగ పని పట్టాను.

అదెంత పనో చెబుతాను. కంప్యూటరు లేచేటప్పుడు ఎఫ్ ఎనిమిది నొక్కి సేఫ్ మోడ్‌లోకి పోవాలి. అందులో విండోస్ ఒంటరిగా లేస్తుంది, దొంగను వెంట లేపదు. లేవగానే మొదలయ్యే ప్రోగ్రాముల పట్టీలో అర్థంపర్థం లేని అక్షరాల పేరొకటి ఉంటుంది. దాని టిక్కు తీసేసి, అది ఉన్న ఫోల్డరు వెతికి మొత్తం చెరిపేయాలి. ఇంటర్నెట్ సెట్టింగుల్లో అది మార్చినవి సరిచేయాలి. మళ్ళీ మామూలుగా లేపి, నిజమైన యాంటీవైరస్‌తో ఒకసారి చూసుకోవాలి. చేతి పని ఇరవై నిమిషాలు. ఎర్ర డాలు పోయింది, బుడగలు పోయాయి.

"ఇంతేనా అన్నా?" అంది సుంకమ్మ.

"ఇంతేనమ్మా. వాడు ఉత్త అరుపులోడు. మీ ఫైళ్ళు ఒక్కటి గూడా తినలే."

ఆమె బల్ల పట్టుకుని నిలబడింది. ఆ మాట ఆమెకు ఓదార్పు అనుకుని అన్నాను. అది ఆమె చేతులనే తప్పుపట్టే మాట అని అన్నాక గానీ నాకు తట్టలేదు.

పెద్దాయన కుర్చీ దగ్గరకు లాక్కున్నాడు. "పేర్లు చదువు పిల్లా" అన్నాడు. ఆమె చదువుతుంటే వేళ్ళ కణుపులు లెక్కపెడుతున్నాడు. ఇరవై ఏడు దగ్గర ఆమె ఆగింది. ఆయన బొటనవేలు కూడా ఆగింది.

"నాలుగు యాడ?" అన్నాడు.

మగ్గంలో ఉన్న ఆయన కొడుకు కూడా నేత ఆపి చూశాడు. సుంకమ్మ "మామా, నేనే..." అని మొదలుపెట్టింది.

ఆమె మాట విననందుకే ఆ నాలుగూ పోయాయి. అయినా ఈసారి మళ్ళీ ఆమె మాటకు అడ్డం వచ్చాను. "నేను పోగొట్టిన్యా పెద్దాయనా" అన్నాను. మొత్తం చెప్పాను. ఆమె ఏమేమి చెరిపిందో, ఎందుకు చెరిపిందో, పడుగు మాట, ఆమె రెండుసార్లు ఆపమని అడగడం, నేను వినకపోవడం, శెట్టిగారి సీడీ. "నేను రాకముందు ముప్పై ఒకటీ డిస్కులో బతికే ఉన్నాయి. నేను వచ్చినాకే ఈ నాలుగు పోయినాయి" అన్నాను.

ఆయన చూపులేని కళ్ళు నా గొంతు వైపే ఉన్నాయి.

"నువ్వు చెప్పకపోయింటే నాకి తెలిసేది గాదు గదప్పా?"

"తెలిసేది గాదు పెద్దాయనా."

"ఈ పిల్ల మీద పడేది."

"పడేది."

ఆయన చేయి చాపి గాలిలో వెతికాడు. సుంకమ్మ దగ్గరకు పోతే ఆమె తల మీద చేయి పెట్టాడు. "పోగు చెడితే తీసేయమని నేర్పించింది నేను. చెడిందా లేదా అని ముందు ఏలుతో తడిమి చూడల్లని నేర్పించలే. తప్పు నాది గూడా ఉండాది. ఏడుపు ఆపు. ఏవేవి పోయినాయో చెప్పు" అన్నాడు. తెరచాటు లేకుండా ఏడ్చింది నేనే. నలభై ఆరేళ్ళ వాణ్ణి, ఇద్దరు బిడ్డల తండ్రిని, పరాయి ఇంట్లో మగ్గం పక్కన నిలబడి ఏడ్చాను.

పోయిన నాలుగింటిలో మూడు వాళ్ళింట్లోనూ బంధువుల ఇళ్ళలోనూ చీరల మీద ఉన్నాయి. ఒకటి సుంకమ్మ పెళ్ళి చీరే. ఆమె భూతద్దం పెట్టి పోగులు లెక్కపెడుతూ, పెద్దాయన అంచు మీద వేళ్ళు పెట్టి తడుముతూ, నెల తిరిగేలోపల ఆ మూడూ మళ్ళీ ఎక్కించారు. నేను పోయినప్పుడల్లా చూసేవాణ్ణి.

నాలుగోదానికి చీర లేదు. అది ఆయన సొంతంగా గీసిన మొట్టమొదటి అంచు. ఒక్క పడుగుకు వచ్చినన్ని చీరలు మాత్రం నేసి, అవన్నీ ఆదోని సంతలో అమ్మేశారు. అందులో చిలుకల వరస ఉంటుంది. చిలుకలన్నీ వెనక్కి తిరిగి చూస్తుంటాయి.

"ముందుకు చూసే చిలకని అందరూ నేస్తారప్పా. ఇది జతది వస్తాందా లేదా అని మళ్ళి చూస్తాది. అప్పుడు మాకి కొత్తగా పెండ్లయింది" అని నవ్వాడు. ఆ జత పోయి అప్పటికే పదేళ్ళు.

గుర్తున్నది చెబుతాను, వేయమన్నాడు. పొద్దున పూట ఆయన చెబుతుంటే సుంకమ్మ చుక్కలు పెట్టేది. తోక వచ్చింది, రెక్క వచ్చింది, కాళ్ళు వచ్చాయి. మెడ తిరిగే చోటు మాత్రం కుదరలేదు. ఎన్ని పోగులు ఎక్కాలో, ఎక్కడ దిగాలో చెప్పి, కాదు కాదు చెరిపేయ్ అనేవాడు. వేలితో తొడ మీద గీసుకుంటూ ఉండేవాడు. ఎన్ని నెలలు ప్రయత్నించారో నాకు తెలుసు. ఒక రోజు "మెడ కాడ తప్పుతాండా" అన్నాడు. ఆ మాట అన్నది నాకు వినపడాలని కాదు, తనకు తానే అనుకున్నాడు. నాకు మాత్రం ఇప్పటికీ వినపడుతుంది.

బస్సులో నా చూపు

ఆ తర్వాత ఎన్నో ఇళ్ళలో ఎర్ర డాలు తీశాను. ఏ ఇంట్లోనూ ముందు సీడీ పెట్టలేదు. ఇంట్లోవాళ్ళు చేసినదాన్ని తెలివితక్కువ అనలేదు. ప్రతివాళ్ళూ తమకు తెలిసిన పని పద్ధతినే కంప్యూటరు మీద కూడా వాడతారు. సుంకమ్మ నేతగాళ్ళ పద్ధతి వాడింది. నేను బట్టల దుకాణం పద్ధతి వాడాను. ఇద్దరిలో ఆమె తొందరే నయం, ఆమె మిగిలినవాటిని బతికించాలని చూసింది. నేను పని వచ్చినవాడిలా కనపడాలని చూశాను.

వీరభద్రప్ప ఇప్పుడు లేడు. సుంకమ్మ డిజైన్లు వేసి ఆ వీధిలో అందరికీ ఇస్తోంది. పోయిన ఏడు నేను పోతే కంప్యూటరు తెరిచి చూపించింది. ఇప్పుడు వందకు పైన ఉన్నాయి. ఒకటో నంబరు ఫైలు అడిగి తెరిపించాను. చిలుకకు తోకుంది, రెక్కుంది, కాళ్ళున్నాయి. మెడ నుంచి పైకి ఖాళీ గళ్ళు. "ఇంకో మెడ పెట్టొచ్చు గదమ్మా" అన్నాను. "పెట్టొచ్చన్నా. అది మామ చిలక కాదు" అంది.

ఇప్పుడు నేను బస్సెక్కితే ముసలి ఆడవాళ్ళ చీర అంచులు చూస్తుంటాను. పెళ్ళిళ్ళలో చూస్తాను, ఆసుపత్రి వరండాల్లో చూస్తాను. ఒకసారి కర్నూలు బస్టాండులో ఒక పెద్దావిడ "ఏం సూస్తాండావప్పా, ఈ వయసులో?" అని నిలదీస్తే, నా భార్య ఆమెకు ఈ కథంతా చెప్పి సర్దిచెప్పాల్సి వచ్చింది. ఇంటికొచ్చాక నాకు గడ్డి పెట్టిందనుకోండి. అయినా మరుసటి రోజు ఇంట్లో ఉన్న పాత చీరలన్నీ తనే తీసి అంచులు చూసింది.

ఇది చదివేవాళ్ళలో ఎవరింట్లోనైనా, మీ అవ్వ పెట్టె అడుగున, పాత నూలు చీర ఒకటి ఉండవచ్చు. బొంతలో కుట్టేసి ఉండవచ్చు, ఉయ్యాల కట్టి చింపేసి ఉండవచ్చు. ముక్కయినా చాలు. అంచులో చిలుక వెనక్కి తిరిగి చూస్తుంటే దాన్ని ఉతకొద్దు, కత్తిరించొద్దు. ఎమ్మిగనూరు నేతగాళ్ళ వీధిలో సుంకమ్మ ఇల్లు అడిగితే ఎవరైనా చూపిస్తారు. ఆ గళ్ళు ఆమె ఇంకా ఖాళీగానే ఉంచింది.